రేచీకటి, తట్టిన తలుపు

పూర్వము మన పల్లెలలో బిడ్డకు రేచీకటి వచ్చినదని అందరికంటె ముందుగా కనిపెట్టినది తల్లియే. పగలంతయు వీధిలో ఆడుకొనిన బిడ్డ ప్రొద్దు గ్రుంకగానే గడప తట్టుకొని పడును. ముందు పెట్టిన కంచమును చేతితో తడవుకొనును. తోడిపిల్లలు దాగుడుమూతలాడుచుండగా తాను గోడకు చేరి కూర్చుండును. ఇది చూచి కొందరు దిష్టి యనిరి, కొందరు కర్మమనిరి. ఆ చీకటి ఎందుచేత వచ్చెనో, మనుష్యులు దాని కారణమును ఎట్లు వెదకిరో, ఆ వెదకుటలో మన హైదరాబాదు చుట్టుపట్ల గ్రామముల బిడ్డల మూలముగా లోకమునకు ఏమి తెలిసెనో ఈ మాసము కొంచెము తలపోయుదము.

రేచీకటి అనునది రోగమునకు మొదటి మెట్టు మాత్రమే. రెండవ మెట్టున కంటి తెల్లగ్రుడ్డు తడి యారి, కాంతి తగ్గి, ముడతలు పడును. దానిమీద సబ్బునురుగువంటి చిన్న మచ్చలు కనబడును. బిడ్డకు ఆ సమయమున తట్టు పోసినను, విరేచనములు పట్టినను, నల్లగ్రుడ్డు కొన్ని దినములలోనే మెత్తబడి కరగిపోవును. అంతవరకు నవ్వుచుండిన బిడ్డ జీవితాంతము అంధత్వమున నుండును. అట్లు కన్నులు పోయిన పసివారిలో అనేకులు ఆ సంవత్సరమే మరణించిరి. కనుక కన్ను చెడుట ఒక్క కంటి సంగతి కాదు. దేహమంతయు బలహీనమైనదని తెలుపు హెచ్చరిక.

ఈ రోగము మిక్కిలి ప్రాచీనమైనది. మన దేశమున సుశ్రుతుని పేర వచ్చిన వైద్యగ్రంథములో దీనిని నక్తాంధ్యమనిరి; మేక కార్జము దీనికి ఔషధమని చెప్పిరి. ఐగుప్తు దేశపు ప్రాచీన వైద్య పత్రములలోను కార్జమే చెప్పబడినది. ఒకరినొకరు ఎరుగని రెండు దేశముల వైద్యులు ఒకే వస్తువును చేతికి తీసికొనిరి. మందు దొరికెను గాని అది యెందుచేత పనిచేయునో వేల సంవత్సరములు ఎవరికిని తెలియలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ ప్రశ్న మరల లేచెను. ఆఫ్రికా ఖండమున సంచరించిన మిషనరీ వైద్యుడు డేవిడ్ లివింగ్‌స్టన్ 1857లో ప్రకటించిన తన ప్రయాణ గ్రంథములో, కర్రపెండలము వంటి పిండి పదార్థములతోనే కాలము గడుపవలసి వచ్చినప్పుడు మనుష్యుల కన్నులు చెడుటను గూర్చి వ్రాసెను. 1863లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమందు, దిక్కులేని పిల్లలను పెంచు ఆశ్రమమునకు వైద్యుడైన బిటో అను నతడు రేచీకటిగల ఆ పిల్లల కన్నులలోని నురుగుమచ్చలను వర్ణించెను. నేటికిని వాటిని బిటో మచ్చలనియే పిలుచుచున్నారు. 1904లో జపాను దేశపు వైద్యుడు మోరి, పాలు చేపలు లేక ధాన్యములు కూరగాయలు మాత్రమే తినిన పిల్లలలో ఈ రోగము ప్రబలియుండుటను, చేపలు పట్టువారి బిడ్డలకు అది రాకుండుటను గమనించి, కాడ్ చేపనూనెతోను కోడి కార్జముతోను వారిని బాగుచేసినట్లు ప్రకటించెను. కొవ్వు లేకపోవుటయే కారణమని అతడు తలంచెను. సత్యమునకు అతడు చాల దగ్గరగా వచ్చెను.

ఆ తరువాత డెన్మార్కు దేశమున జరిగిన సంగతి ప్రతి రైతు కుటుంబము తలంచుకొనదగినది. ఆ దేశము వెన్నకు ప్రసిద్ధి. అయినను మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశపు పేద పిల్లలే కంటిరోగముతో ఆసుపత్రికి రాసాగిరి. కోపెన్‌హాగెను నగరపు శిశువైద్యుడు బ్లాక్ విచారింపగా కారణము తెలిసెను. వెన్న మంచి ధరకు పైదేశములకు పోవుచుండెను. ఇంటిలోని బిడ్డలకు మీగడ తీసిన పాలును, మార్గరిను అను చౌక కొవ్వును మిగులుచుండెను. యుద్ధము ముదిరి ఓడలు నిలిచిపోగా వెన్న దేశములోనే ఉండిపోయెను. 1917 చివర ప్రభుత్వము దానిని అందరికిని తక్కువ ధరకు పంచిపెట్టగా కంటిరోగము ఇంచుమించు మాయమాయెను. ఆ పంపకము నిలిపిన పిమ్మట అది మరల తల యెత్తెను. పాడిగల దేశములో బిడ్డలకు పాల సారము లేక కన్నులు పోయెను. పండించిన మేలిసరుకు బండి యెక్కించి పంపి, మిగిలినది ఇంటివారికి పెట్టుట ఒక్క డెన్మార్కు అలవాటేనా?

ఈ లోపల 1913లో అమెరికాలో మెక్‌కాలమ్, అతని తోడి పరిశోధకురాలు మార్గరెట్ డేవిస్ ఎలుకలకు వేర్వేరు ఆహారములు పెట్టి చూచి, వెన్నలోను గ్రుడ్డు పచ్చసొనలోను ఎదుగుదలకు అవసరమైన ఒక సూక్ష్మ పదార్థమున్నదని కనుగొనిరి. అదే సంవత్సరము ఆస్‌బర్న్, మెండెల్ అనువారును ఇట్టి ఫలితమునే పొందిరి. దానికే కొంతకాలమునకు విటమిన్ ఏ అని పేరు కలిగెను. మసక వెలుతురులో చూచుటకు కంటి లోపలి పొరలో ఒక వర్ణపదార్థము కావలెను. అది తయారగుటకు ఈ విటమిన్ కావలెను. కంటికిని, ఊపిరి త్రోవలకును, పేగులకును లోపల నున్న తడిపొరలను ఇది కాపాడును. అవి చెడినయెడల రోగక్రిములకు తలుపు తెరచినట్లగును. జంతువుల కార్జము, పాలు, గ్రుడ్లలో ఇది సిద్ధముగా నున్నది. ఆకుకూరలలోను, పసుపుపచ్చని పండ్లలోను కెరోటిన్ అను రూపమున ఉండి, మన దేహములో విటమిన్‌గా మారును.

మన దక్షిణ దేశమున ఈ రోగము ఎంత విస్తారముగా నుండెనో 1922లోనే మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి అధికారి రైట్ వైద్య పత్రికలో వ్రాసెను. 1918లో నీలగిరులలోని కూనూరునందు పాశ్చరు సంస్థలో ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన పరిశోధన కాలక్రమమున గొప్ప ఆహార పరిశోధనాలయమాయెను. తరువాత దానికి అధిపతియైన ఏక్రాయిడ్, పై చెప్పిన రైట్‌తో కలిసి, ఎర్రని పామునూనెతో పిల్లల కన్నులను బాగుచేయవచ్చునని 1937లో ప్రకటించెను. 1958లో ఆ పరిశోధనాలయము కూనూరు విడిచి మన హైదరాబాదులోని తార్నాకకు వచ్చెను. 1969నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ యని పేరు. 1953లో హైదరాబాదున స్థాపింపబడిన నీలోఫరు ఆసుపత్రిలో ఈ సంస్థవారు పోషణలోపము గల బిడ్డలకై ఒక వార్డును నడపిరి. అచ్చట పండుకొనిన బిడ్డలు జొన్నరొట్టె, పచ్చిపులుసు, గంజి మీద బ్రతికిన పేదల బిడ్డలు. పుస్తకములోని రోగము మంచము మీద కనబడుచుండెను.

ఆ సంస్థకు 1960 మొదలు 1974 వరకు అధిపతియైన డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు ఒక చిక్కు ప్రశ్న నెదుర్కొనిరి. పేద కుటుంబమునకు దినదినము పాలు, గ్రుడ్లు పెట్టుమని చెప్పుట సుళువు. అవి కొనుటకు డబ్బు ఎక్కడిది? పేదరికము తీరువరకు బిడ్డల కన్నులు ఆగవు గదా. అప్పుడు వారికి కార్జముయొక్క స్వభావము తోడ్పడెను. మన యింటి గాదెలో ధాన్యము పోసికొని నెలల తరబడి తీసికొని వాడుకొనునట్లు, కార్జము విటమిన్ ఏ ను నిలువచేసికొని కొంచెము కొంచెముగా నెత్తురులోనికి విడుచును. అట్లయిన ఒకేసారి పెద్ద మోతాదు నోటిలో పోసినయెడల నెలల తరబడి సరిపోవునా? శ్రీకంఠయ్య, వినోదినీ రెడ్డి, సుశీల మొదలైనవారు నెత్తురును పరీక్షించి ఇది సాధ్యమని చూపిరి. స్వామినాథన్, సుశీల, తిమ్మాయమ్మ అను ముగ్గురు పరిశోధకులు గ్రామములలోని చిన్నపిల్లలకు సంవత్సరమునకు ఒకసారి 3 లక్షల యూనిట్ల మోతాదు నిచ్చి చూడగా, కన్నులలోని రోగచిహ్నములు బహుగా తగ్గెను. ఈ సంగతిని వారు 1970లో ప్రకటించిరి. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వము ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు పిల్లలకిచ్చు కార్యక్రమమును మొదలుపెట్టెను. ఒక చెంచాలో పట్టు పసుపుపచ్చని ద్రవమది. హైదరాబాదు ప్రయోగశాలనుండి అది దేశమంతటికి పోయెను.

ఇంతటితో కథ ముగియలేదు. ఇండొనేషియా దేశమున అమెరికా కంటి వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ సామర్, రేచీకటిగల పిల్లలు మిగిలినవారికంటె ఎక్కువగా చనిపోవుచున్నారని 1983లో చూపెను. 1986లో అచ్చటి ఆచే ప్రాంతమున విటమిన్ పుచ్చుకొనిన గ్రామములలో శిశుమరణములు 34 వంతులు నూటికి తగ్గినవని ఆయన బృందము ప్రకటింపగా వైద్యలోకము ఆశ్చర్యపడెను. ఒక చెంచా మందు కన్నునే గాక ప్రాణమును కూడ నిలుపునా? 1990లో తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లాయందు వారమువారము చిన్న మోతాదు ఇచ్చి చూచినవారు, మరణములు నూటికి 54 వంతులు తగ్గెనని చెప్పిరి.

అదే 1990వ సంవత్సరమున హైదరాబాదు సంస్థవారి ఫలితమును వెలువడెను. డాక్టరు కె. విజయరాఘవన్, ఆయన తోడివారు హైదరాబాదు చుట్టునున్న గ్రామములలో ఈ పరీక్ష జరిపిరి. 7,691 మంది బిడ్డలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ నిచ్చిరి. 8,084 మందికి చూచుటకు అట్టిదే యైన, విటమిన్ లేని ద్రవము నిచ్చిరి. ఏ సీసాలో ఏమున్నదో ఇచ్చువారికిని తెలియదు, పుచ్చుకొనువారికిని తెలియదు. తెలిసినయెడల మనుష్యుని మనస్సు తాను కోరినదానినే చూచును. అందుచేత ఈ కట్టుబాటు. పని ముగిసి లెక్క విప్పి చూచినప్పుడు రెండు గుంపులలోను జబ్బులు సమానముగానే ఉండెను. మరణములును ఇంచుమించు సమానమే.

చదువరులారా, ఒక్క క్షణము ఆ పరిశోధకుల స్థితి నాలోచించుడి. పెద్ద మోతాదు పద్ధతిని నిలువబెట్టినది తమ సంస్థయే. దేశమంతయు దానిని చేపట్టియుండెను. పైదేశములనుండి గొప్ప ఫలితములు వచ్చుచుండెను. అట్టి సమయమున "మా గ్రామములలో మరణముల విషయమున భేదము కనబడలేదు" అని వ్రాయుట సులభము కాదు. వారు వ్రాసిరి. లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రిక దానిని అచ్చువేసెను. కోరిన ఫలితము రానప్పుడును కనబడినదానినే చెప్పుట విజ్ఞానమునకు ప్రాణము. బిడ్డల విషయమున అబద్ధపు ఆశ కూడ ఒక విధమైన అపకారమే.

అయితే ఆ నివేదికలో మరియొక సంగతి కలదు. విటమిన్ గాని, ఆ ఉత్త ద్రవము గాని, రెండింటిలో ఏదియు అందని పిల్లలు కొందరుండిరి. మరణములు అధికముగా జరిగినది వారిలోనే. ఉత్త ద్రవములో ప్రాణము నిలుపు శక్తి ఏమియు లేదు. మరి అది అందిన బిడ్డలు అందనివారికంటె ఎందుకు మేలుగా నుండిరి? మందు అందకపోవుటచేతనే వారు చనిపోయిరని దీని యర్థము కాదు. కాని మనము ఊహింపగలిగినది ఒకటి యున్నది. ఎవరి యింటికి పనివారు పలుమార్లు పోయి, తలుపు తట్టి, "బిడ్డ ఎట్లున్నది? జ్వరమేమైన వచ్చెనా?" అని యడిగిరో, ఆ యింటి జబ్బు ముదరకముందే ఎవరి చెవినైన పడును. తలుపు తాళము వేసియున్న యిల్లు, ఊరి చివర గుడిసె, కూలికై తల్లిదండ్రులు దూరము పోయిన కుటుంబము, ఇవి యెవరి కంటను పడవు. అందని బిడ్డకు మందొక్కటియే గాక, విచారించు మనిషియు అందలేదు.

తరువాతి చరిత్రయు ఆలోచింపదగినది. 1993 నాటికి అనేక దేశముల పరీక్షలన్నిటిని కూర్చి లెక్కింపగా, లోపము విస్తారముగా నున్న చోట్ల విటమిన్ ఏ శిశుమరణములను నూటికి 23 మొదలు 30 వంతుల వరకు తగ్గించునని తేలెను. ఉత్తరప్రదేశమున పది లక్షల బిడ్డలమీద జరిగి 2013లో ప్రకటింపబడిన గొప్ప పరీక్షలోనో, తగ్గుదల నూటికి 4 వంతులు మాత్రమే. అదియు నిశ్చయముగా చెప్పదగినది కాదు. ఈ భేదములకు పండితులు పలు కారణములు చెప్పుచున్నారు. తట్టు టీకాలు వ్యాపించుట, విరేచనములకు ఉప్పు చక్కెర నీరు త్రాగించుట తల్లులు నేర్చుకొనుట, తీవ్రమైన లోపము తగ్గుట ఇవి వారు చెప్పువాటిలో కొన్ని. 2019లో 100 యేండ్లు దాటి కన్నుమూసిన డాక్టరు గోపాలన్ తన వార్ధక్యమున, పెద్ద మోతాదు తాత్కాలికమైన సాధనమే గాని శాశ్వత మార్గము కాదనియు, బిడ్డకు కావలసినది మంచి ఆహారమనియు గట్టిగా వాదించెను. గాదెలో ఒకసారి ధాన్యము పోసిన పొరుగువాడు పుణ్యాత్ముడే. పొలము పండించుకొనవలసినవాడు మాత్రము ఇంటివాడు.

ఇప్పుడు మన దగ్గరి ఊళ్లను చూతము. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములు హైదరాబాదు నగరమునకు కూరగాయలను, పూవులను పంపు సీమ. ఆ చేరువనే షాబాదు మండలములో నున్న చందనవెల్లి ఒకనాడు ఒట్టి సేద్యపు గ్రామము. నేడచ్చట పెద్ద కర్మాగారములు వెలసినవి. భూమి రూపము మారెను, మనుష్యుల పని మారెను. తెల్లవారకముందే బండి యెక్కి నగరమునకు పోవు కూరల గంపలను చూచినప్పుడు, డెన్మార్కు వెన్న కథను తలంచుకొనుట మనకు మంచిది. అమ్మకమునకు పోయిన కట్టలలో ఒక్క కట్టయైన ఇంటి పొయ్యి మీదికి వచ్చెనా? దొడ్డిలోని మునగచెట్టు కాయలను మాత్రమే లెక్కపెట్టి ఆకును వదలివేయుచున్నామా? మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, పండిన మామిడి, గుమ్మడి, గ్రుడ్డు పచ్చసొన, పాలు వీటిలో ఏదో యొకటి మన వాకిటనే దొరకును. ఆకుకూరలోని సారము ఒంటికి పట్టుటకు కొంచెము నూనె కావలెను; కనుక పసిబిడ్డ పప్పుకూరలో ఒక చెంచా నూనెయో నెయ్యియో వేయుట వృథా కాదు. పుట్టిన బిడ్డకు మొదటి ముర్రుపాలు పారబోయక త్రాగించుట అన్నిటికి మొదలు. అందులో ఈ విటమిన్ సమృద్ధిగా నున్నది.

మందు విషయమున నేడు నడచుచున్న విధానమిది. తొమ్మిదవ నెలలో తట్టు టీకాతో కూడ 1 లక్ష యూనిట్లు, ఆ తరువాత ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు, అయిదేండ్లు నిండువరకు మొత్తము 9 మోతాదులు. నర్సమ్మ గాని ఆశా కార్యకర్త గాని ఇచ్చిన తేదీని కార్డులో వ్రాయించుకొనవలెను. మంచిదే గదా యని ఒకే మాసమున రెండు చోట్ల పోయించరాదు. మితిమీరినయెడల వాంతులు, తలనొప్పి కలుగును. గర్భిణీ స్త్రీలు ఈ పెద్ద మోతాదును ఎన్నడును పుచ్చుకొనరాదు. బిడ్డ చీకటిలో తడబడినను, కంటిలో నురుగుమచ్చ కనబడినను, తట్టు పోసిన పిమ్మట కన్ను తెరువలేకపోయినను, ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కన్ను విషయమున రేపు అను మాట పనికిరాదు.

ఇక ఎవరి కంటను పడని బిడ్డ సంగతి. కర్మాగారములు లేచిన చోటికి పని వెదకుకొనుచు దూరదేశముల కుటుంబములు వచ్చును. రేకుల గదులలో కాపురముండును. వారి భాష వేరు, రేషను కార్డు వేరే రాష్ట్రమునది. ఆ తల్లికి అంగన్‌వాడి ఏ వీధిలో నున్నదో తెలియదు. అంగన్‌వాడి పట్టికలో ఆ బిడ్డ పేరుండదు. 1990 నాటి లెక్కలో ఏ సీసాయు అందని బిడ్డ ఈనాడు ఉండదగిన చోటు అదియే. ఈ బిడ్డను కనుగొనుటకు గొప్ప పరిశోధన అక్కరలేదు. పక్క గుమ్మములో నిలిచి, "అమ్మా, పాపకు ఎన్ని నెలలు? చుక్కలు వేయించితివా? రేపు నాతో రా, నేను చూపెదను" అని చెప్పు పొరుగింటి స్త్రీ చాలును. మాట రాకపోయినను చేయి పట్టుకొని తీసికొనిపోవచ్చును. అంగన్‌వాడి టీచరుకు "ఫలాని గదిలో ఇద్దరు పిల్లలున్నారమ్మా" అని ఒక్క మాట చెప్పవచ్చును. ఆ ఒక్క మాటతో బిడ్డ పేరు పట్టికకెక్కును.

ఈ చరిత్రలో పండితులు చేసినది గొప్పదే. ఎలుకలకు ఆహారము తూచి పెట్టినవారు, గ్రామగ్రామము తిరిగి లెక్క వ్రాసినవారు, నచ్చని ఫలితమును దాచక చెప్పినవారు, వీరందరికిని మన బిడ్డల కన్నులు ఋణపడియున్నవి. ఆ 15 వేలకు పైబడిన బిడ్డలకును, సీసాలో ఏమున్నదో తెలియకయే నమ్మి బిడ్డ నోరు తెరచిన తల్లులకును మనము ఇంకను ఎక్కువ ఋణపడియున్నాము. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. ఆ ఋణము తీర్చు మార్గము మన వీధిలోనే యున్నది. ఈ సాయంకాలము దీపము పెట్టిన తరువాత, మన వాడకట్టులో ఇంకను ఎవరును తట్టని తలుపు ఏదియో చూచి, అచ్చటికి పోయి తట్టుదము.